మా పాత ఫాదర్ గారు ఇప్పుడెక్కడున్నారు? రిటైరైన ఫాదర్లు, బ్రదర్లు ఉండే మఠం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

"మా విచారణలో (చర్చి పరిధిలో) చాలా ఏళ్ళు చేసిన ఫాదర్ గారు మీ దగ్గరే ఉన్నారటగా?" "మాకు టెన్త్‌లో లెక్కలు చెప్పిన బ్రదర్ గారు బాగున్నారా అండీ?" మా మఠానికి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. వయసు పైబడిన కథోలిక ఫాదర్లు, బ్రదర్లు కలిసి ఉండే ఇల్లు మాది. ఆఫీసు పని, మందుల పని నేను చూసుకుంటాను. అడిగిన వాళ్ళందరికీ ఫోన్లో కొంత కొంత చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. మఠానికీ మఠానికీ పద్ధతుల్లో తేడాలుంటాయి. జెస్విట్లది ఒక తీరు, సలేషియన్లది ఇంకో తీరు. తిరుసభ (కథోలిక సంఘం) చట్టం మాత్రం అందరికీ ఒకటే.

ఫాదర్లు కూడా రిటైర్ అవుతారా?

పదవి నుంచి అవుతారు. విచారణ గురువులకు, అంటే ఒక విచారణని చూసుకునే ఫాదర్లకు, 75 ఏళ్ళు నిండాక రాజీనామా ఇవ్వమని 1983 తిరుసభ చట్టం, 538వ సూత్రంలో కోరుతుంది. ఇవ్వగానే దించేయరు. పీఠాధిపతి (బిషప్) ఆ మనిషి ఆరోగ్యాన్ని, విచారణ అవసరాన్ని చూసుకుని నిర్ణయిస్తారు. పీఠాధిపతులకూ అదే వయసు. మఠవాసుల విషయంలో ఇంత వయసని గీత ఉండదు. ఒంట్లో ఓపిక తగ్గినప్పుడు ప్రొవిన్షియల్ (ఒక ప్రాంతంలోని మఠాలన్నిటికీ పెద్ద) వచ్చి కూర్చుని మాట్లాడి, పని మార్చి ఇక్కడికి పంపుతారు.

గురుత్వం (ఫాదర్‌గా పొందిన పట్టా), మాటపట్టు (దేవుడికి ఇచ్చిన ప్రమాణం) మాత్రం చివరిదాకా ఉంటాయి. అందరికీ తెలిసిన ఉదాహరణ 16వ బెనెడిక్ట్ పోపు గారు. 2013 ఫిబ్రవరి 28న పదవి వదిలారు. 2022 డిసెంబరు 31న కన్నుమూసేదాకా వాటికన్ తోటల్లోని ఒక చిన్న మఠంలో పూజ (మాస్), ప్రార్థన చేసుకుంటూ ఉన్నారు.

ఫాదర్‌కీ బ్రదర్‌కీ తేడా ఏంటి? బ్రదర్ అంటే ఇంకా ఫాదర్ కాని వాళ్ళా?

కాదండీ. ఈ అపోహ మన ఊళ్ళలో బాగా ఉంది. సెమినరీలో చదువుకునే కుర్రాళ్ళని కూడా బ్రదర్ అనే పిలుస్తాం కాబట్టి వచ్చిన చిక్కు ఇది. మఠ సహోదరులు గురుపట్టాభిషేకం తీసుకోరు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు మాటపట్లతో జీవితాంతం బ్రదర్లుగానే ఉంటారు. పూజ చేయరు, పాపసంకీర్తనం (కన్ఫెషన్) వినరు. స్కూళ్ళు, హాస్టళ్ళు, ప్రెస్సులు, తోటలు, వర్క్‌షాపులు నడిపింది చాలావరకు వీళ్ళే. మోంట్‌ఫోర్ట్ బ్రదర్ల లాంటి సంఘాలైతే ప్రధానంగా బ్రదర్ల సంఘాలే. హైదరాబాదు ఆల్ సెయింట్స్, లిటిల్ ఫ్లవర్ స్కూళ్ళలో చదివిన వాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు.

ఎనభై ఏళ్ళ బ్రదర్ గారిని పట్టుకుని "ఎప్పుడు ఫాదర్ అవుతారు?" అని అడగొద్దు. ఆయన నవ్వి ఊరుకుంటారు గానీ, అరవై ఏళ్ళ జీవితం మనకి అర్థం కాలేదన్న సంగతి ఆయనకి తెలిసిపోతుంది.

నెలంతా ఎలా గడుస్తుంది?

ఒకటో తారీఖు బోర్డుతో మొదలవుతుంది. డైనింగ్ హాలు గోడకి ఒక తెల్లబోర్డు ఉంది. ఏ రోజు పూజ ఎవరు నడిపిస్తారు, వాక్యం ఎవరు చదువుతారు, ఎవరికి హాస్పిటల్ చెకప్, ఎవరి పుట్టినరోజు, ఏ తేదీన ఏ పాత మఠవాసి చనిపోయారు, అన్నీ దాని మీద ఉంటాయి. రాసేది ఒక బ్రదర్ గారు. చెయ్యి వణుకుతుంది కాబట్టి ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఒక్కో అక్షరం అంగుళం ఎత్తున రాస్తారు. పొద్దున టిఫిన్ అయ్యాక కూర్చుంటే మధ్యాహ్నం భోజనం దాకా పడుతుంది. కంప్యూటర్లో కొట్టి ప్రింట్ తీస్తే ఐదు నిమిషాల పనే. మా సుపీరియర్ గారు (మఠం పెద్ద) ఆ పని ఇంకెవరికీ ఇవ్వరు, నన్నూ చేయనివ్వరు. ఆయన చేసింది సబబని నా అభిప్రాయం.

మొదటి శుక్రవారం యేసు తిరుహృదయ భక్తి. 1670ల్లో ఫ్రాన్సులోని పారే-ల్-మోనియాల్ మఠంలో పునీత (సెయింట్) మార్గరీత మరియమ్మకి కలిగిన దర్శనాల నుంచి వచ్చిన ఆచారం ఇది. సాయంత్రం గంటసేపు దివ్యసత్ప్రసాద (పూజలో ఆశీర్వదించిన అప్పం) ఆరాధన ఉంటుంది. మోకరించగలిగే వాళ్ళు తక్కువ, వీల్‌చైర్లు ముందు వరసలో ఉంటాయి. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా ఈ ఒక్కరోజు లోపలికొచ్చి కూర్చుంటారు.

తర్వాతి వారం అంతా ఒంటి సంగతే. బీపీ, షుగర్ పరీక్షలు, నెల మందులు సర్దడం, కళ్ళ డాక్టరు. మంగలి ఆయన కూడా అప్పుడే వస్తారు. వరండాలో కుర్చీ వేస్తే వరసగా అందరికీ కటింగ్, గడ్డం. ఆ పూట వరండాలో ఉన్నంత సందడి పండగకి కూడా ఉండదు. ఊరి సంగతులన్నీ తెచ్చేది ఆయనేగా.

మూడో వారంలో ఇంటి మీటింగ్. సుపీరియర్ గారు నెల ఖర్చు చదువుతారు. గ్యాస్, పాలు, కరెంటు, పనివాళ్ళ జీతాలు అన్నీ. తర్వాత ఎవరికి ఏం కావాలో అడుగుతారు. గీజరు పని చేయట్లేదని ఒకరు, టీవీ సౌండ్ తగ్గించమని ఇంకొకరు. ఆ నెలలో పుట్టినవాళ్ళందరికీ కలిపి ఒకే కేకు. ఫీస్ట్ డే, అంటే ఎవరి పేరింటి పునీతుడి పండగ వాళ్ళది, విడిగా చేస్తారు. ఫాదర్లకి పుట్టినరోజు కన్నా ఫీస్ట్ డే ముఖ్యం. ఫోన్ చేయాలనుకునే పాత విద్యార్థులు ఆ తేదీ గుర్తు పెట్టుకుంటే బాగుంటుంది.

నెలాఖరులో రికలెక్షన్. దాని గురించి కింద విడిగా రాశాను.

ఇవన్నీ వేసవిలో కాస్త అటూ ఇటూ అవుతాయి. మే నెల ఎండలకి వాకింగ్ టైము మారిపోతుంది, మధ్యాహ్నం ఎవరినీ గది దాటనివ్వం. ట్రాన్స్‌ఫర్లూ అప్పుడే జరుగుతాయి. ప్రొవిన్స్ నుంచి కాగితం రాగానే ఎవరు ఎక్కడికని అందరూ చుట్టూ చేరతారు. తమకి ఇక ట్రాన్స్‌ఫర్ రాదని తెలిసినా, తాము కట్టించిన స్కూలుకి ఎవరు వెళ్తున్నారో తెలుసుకోవాలని ఆరాటం.

రోజూ అవే ప్రార్థనలా? విసుగు రాదా?

అవే కావు. తిరుసభ ప్రార్థన పుస్తకంలో కీర్తనలు నాలుగు వారాల చక్రంగా తిరుగుతాయి. అందుకే మఠంలో నెల అంటే క్యాలెండర్ ఒక్కటే కాదు. "మూడో వారం మంగళవారం" అంటే ఏ కీర్తన వస్తుందో మా ఇంట్లో చాలామందికి పుస్తకం తెరవక్కర్లేదు. రెండో వాటికన్ మహాసభకి (1960ల్లో జరిగిన కథోలిక పీఠాధిపతుల సభ) ముందు ఈ చక్రం ఒక్క వారానిదే. మా పెద్దవాళ్ళలో కొందరు చిన్నప్పుడు ఆ పద్ధతి కూడా చూశారు.

కొన్ని మారవు. పొద్దున ప్రార్థనలో బైబిల్లోని జకరయ్య పాట, సాయంత్రం మరియమ్మ పాట రోజూ ఉంటాయి. ప్రతి శుక్రవారం పొద్దున 51వ కీర్తన, దావీదు పశ్చాత్తాప కీర్తన. పడుకోబోయే ముందు సిమియోను పాట. బాలయేసుని దేవాలయంలో చేతుల్లోకి తీసుకుని, ప్రభూ, ఇక నీ దాసుణ్ణి సమాధానంతో పోనివ్వు అన్న ఆ ముసలాయన మాటలు. ప్రపంచమంతటా గురువులు, పాతికేళ్ళ కుర్ర ఫాదర్లు కూడా, రాత్రిపూట చెప్పే ప్రార్థనే అది. ఎనభై దాటిన వాళ్ళు చెప్తుంటే పక్కన కూర్చుని వినడం వేరు. అది మామూలుగా, ఏ బరువూ లేకుండా చెప్తారు. చెప్పి, మందులేసుకుని పడుకుంటారు.

కళ్ళు కనిపించని వాళ్ళ కోసం పక్కవాళ్ళు గట్టిగా చదువుతారు. వినిపించని వాళ్ళ కోసం ఇంకా గట్టిగా.

నిలబడలేని ఫాదర్ గారు పూజ ఎలా చేస్తారు?

కూర్చుని చేయొచ్చు. ముసలితనం వల్లో జబ్బు వల్లో నిలబడలేని గురువు కూర్చుని దివ్యబలిపూజ చేయడానికి 930వ సూత్రం అనుమతిస్తుంది. చూపు పోయిన వాళ్ళకీ అందులోనే దారి చూపించింది. మా చాపెల్లో బలిపీఠం ఎత్తు తగ్గించి కట్టించారు, వీల్‌చైర్ కిందికి పట్టేలా. ఎక్కువమంది కలిసి చేసే పూజ కాబట్టి ఒకరి గొంతు ఆగినా ఇంకొకరు అందుకుంటారు. సత్ప్రసాదానికి ముందు గంటసేపు ఏమీ తినకూడదన్న నియమం కూడా ముసలివాళ్ళకీ, రోగులకీ, వాళ్ళని చూసుకునే వాళ్ళకీ వర్తించదు. షుగర్ ఉన్నవాళ్ళ విషయంలో ఇది తెలియక ఇబ్బంది పడ్డ ఇళ్ళు ఉన్నాయి, మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చెప్పండి.

రికలెక్షన్ అంటే?

నెలకోసారి ఒక పూట మౌనం. మా దగ్గర శనివారం సాయంత్రం మొదలై ఆదివారం మధ్యాహ్నం భోజనంతో అయిపోతుంది. బయటి నుంచి ఒక ఫాదర్ గారు వచ్చి చిన్న ప్రసంగం ఇస్తారు, పాపసంకీర్తనాలు వింటారు. మిగతా టైమంతా ఎవరికి వాళ్ళు. గడిచిన నెలని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవడం, దేవుడికి థాంక్స్ చెప్పుకోవడం, ఎవరి మీదైనా కోపం మిగిలి ఉంటే దించుకోవడం. సంవత్సరానికోసారి జరిగే పెద్ద రిట్రీట్ వేరు, దాన్ని చట్టమే తప్పనిసరి చేసింది.

ఆ పూట ఫోన్ చేస్తే నేనే ఎత్తి, రేపు చేయండి అంటాను. ఏమీ అనుకోకండి.

అందరూ దైవభక్తులే కదా, గొడవలేమీ ఉండవా?

ఉంటాయి. ఎవరి స్కూలుని వాళ్ళు ముప్ఫై నలభై ఏళ్ళు నడిపించి వచ్చిన మనుషులు వీళ్ళు. ఒకప్పుడు హెడ్‌మాస్టరు, ఇంకొకరు ఆయన కిందే పనిచేసిన టీచరు, ఇప్పుడు పక్కపక్క గదులు. ఫ్యాన్ స్పీడు మీద, న్యూస్‌పేపర్ ముందు ఎవరు చదవాలన్న దాని మీద మాటా మాటా వస్తుంది. వచ్చిన కొత్తలో నాకిది టెన్షన్‌గా ఉండేది. తర్వాత గమనించిందేంటంటే, ఎంత మాటా మాటా వచ్చినా రాత్రి ప్రార్థనకి ముందు ఎవరో ఒకరు వెళ్ళి తలుపు కొడతారు. అలా వెళ్ళాలంటే అలవాటు ఉండాలి, ఆ అలవాటు ఒక్కరోజులో రాదు.

పెన్షన్ వస్తుందా? వస్తే ఎవరికి?

ఎయిడెడ్ స్కూళ్ళలో, కాలేజీల్లో పనిచేసి రిటైరైన వాళ్ళకి వస్తుంది. అది మఠం ఖాతాలోకి వెళ్తుంది. మఠవాసి తన కష్టంతో సంపాదించింది, పెన్షన్‌గా వచ్చేది, ఇన్సూరెన్స్‌గా వచ్చేది మఠానిదే అని 668వ సూత్రం చెప్తోంది, సంఘం సొంత నియమం వేరేగా ఉంటే తప్ప. పెన్షన్ వచ్చేవాళ్ళకీ రానివాళ్ళకీ మా ఇంట్లో ఒకే భోజనం, ఒకే మందులు, ఒకే గది. వంటింట్లో జీవితమంతా గడిపిన బ్రదర్ గారికీ, కాలేజీ ప్రిన్సిపాల్‌గా చేసిన ఫాదర్ గారికీ తేడా లేదు. పేదరికం మాటపట్టు అంటే ఏంటో నాకు నిజంగా తెలిసింది ఇక్కడి మందుల రిజిస్టర్ చూసే.

మఠానికి ఇచ్చేస్తున్నాం కదా, ట్యాక్స్ ఎందుకు అన్న వాదన చాలాకాలం కోర్టుల్లో నడిచింది. ఎయిడెడ్ స్కూళ్ళలో పనిచేసే ఫాదర్లు, సిస్టర్ల జీతాల మీద టీడీఎస్ కోయాల్సిందేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

మేత్రాసన గురువుల (మఠంలో చేరకుండా పీఠాధిపతి కింద పనిచేసే ఫాదర్ల) సంగతి వేరు. వాళ్ళు పేదరికం మాటపట్టు తీసుకోరు, సొంత ఆస్తి ఉండొచ్చు. వాళ్ళ వృద్ధాప్యం బాధ్యత పీఠానిది.

సొంత ఊళ్ళో, తమ్ముళ్ళ ఇంట్లో ఉండొచ్చుగా?

పండక్కో, పెళ్ళికో వెళ్ళొస్తారు. పూర్తిగా వెళ్ళి ఉండిపోవడం అలా కుదరదు. సుపీరియర్ అనుమతి లేకుండా మఠం బయట ఉండకూడదు, ఎక్కువకాలానికైతే పై అధికారి అనుమతి కావాలి. జబ్బు చేస్తే దానికి మినహాయింపు ఉంది. అయినా రూల్ అలా ఉంచండి. ఇరవై ఏళ్ళప్పుడు ఇల్లు వదిలి వచ్చిన మనిషికి ఇల్లు ఇదే. "మామయ్యని వృద్ధాశ్రమంలో పెట్టారా" అని ఒక మేనకోడలు ఏడ్చింది ఇక్కడికొచ్చి. సాయంత్రం దాకా ఉండి, ఆయన క్యారమ్స్‌లో ఎవరినో ఓడించి కేకలేస్తుంటే చూసి వెళ్ళింది. వృద్ధాశ్రమంలో ఎవరికి ఎవరూ ముందు తెలియదు. ఇక్కడ నవీషియేట్‌లో (మఠంలో చేరిన కొత్తలో ఇచ్చే శిక్షణ) ఒకే బెంచీ మీద కూర్చున్న వాళ్ళే మళ్ళీ ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారు.

మరి విదేశాల నుంచి వచ్చిన ఫాదర్లు?

కృష్ణా, వరంగల్లు, ఖమ్మం వైపు మిలాన్‌కి చెందిన పీమె మిషనరీలు, నెల్లూరు వైపు ఇంగ్లండుకి చెందిన మిల్‌హిల్ మిషనరీలు తరాల పాటు పనిచేశారు. కొందరు ఇక్కడే ఉండి ఇక్కడి మట్టిలోనే కలిశారు. కొందరు ముసలితనంలో తిరిగి వెళ్ళారు. పీమె వాళ్ళకి ఉత్తర ఇటలీలోని లెక్కోలో వయసు మళ్ళిన మిషనరీల కోసం ఇల్లుంది. మీ ఊళ్ళో గుడి, బడి, ఆసుపత్రి కట్టిన ఫాదర్ గారి గురించి తెలుసుకోవాలంటే మీ పీఠం ఆఫీసులో అడగండి.

వాళ్ళకి ఇప్పుడు పనేమీ ఉండదా?

జెస్విట్లు ప్రతి ఏడూ అచ్చువేసే క్యాటలాగులో ప్రతి సభ్యుడి పేరు పక్కనా ఆయన పని రాస్తారు. ముసలివాళ్ళ పేరు పక్కన కూడా ఖాళీ వదలరు. తిరుసభ కోసం, సంఘం కోసం ప్రార్థిస్తున్నారు అని లాటిన్‌లో రాస్తారు. అది వాళ్ళకి అప్పగించిన పని. మా ఇంట్లోనూ అంతే. మీరు ఫోన్లో "మా అబ్బాయికి ఆపరేషన్, ప్రార్థన చేయండి" అంటే నేను కాగితం మీద రాసి చాపెల్ గుమ్మం దగ్గర పెడతాను. వారం తర్వాత "ఆ అబ్బాయి ఎలా ఉన్నాడు, ఫోన్ చేశారా?" అని నన్నడిగేది వాళ్ళే. కాబట్టి ఆపరేషన్ అయ్యాక ఒక్క ఫోన్ చేయండి దయచేసి.

మతిమరుపు వచ్చిన వాళ్ళని ఎలా చూసుకుంటారు?

తలుపులకి గొళ్ళేలు మార్చాం, రాత్రి ఒకరు మెలకువగా ఉంటారు. అలాంటి ఫాదర్లు ఒంటరిగా పూజ చేయరు, అందరితో కలిసి బలిపీఠం చుట్టూ ఉంటారు. ఒక ఫాదర్ గారు రోజుకి పదిసార్లు "పూజకి టైమైందా?" అని అడుగుతారు. పొద్దున చేసేశారు కదా అని ఎవరూ అనరు. "ఇంకా ఉంది ఫాదర్, రండి టీ తాగుదాం" అంటారు. ఇది ట్రైనింగ్‌లో నేర్పింది కాదు. పక్కగది బ్రదర్ గారు అలా అంటుంటే విని మేమంతా నేర్చుకున్నాం.

ఉపవాసాలుంటారా?

చట్టం ప్రకారం 59 ఏళ్ళు నిండాక ఉపవాస నియమం లేదు. మాంసం మానే నియమానికి పై వయసు లేదు. విభూతి బుధవారం, గుడ్ ఫ్రైడే రోజుల్లో మా పెద్దవాళ్ళు నియమం లేకపోయినా ఉపవాసం ఉంటామని పట్టుబడతారు. ఇన్సులిన్ వేసుకునే వాళ్ళతో ఆ రెండు రోజులూ నాకు వాదనే.

అభ్యంగనం (జబ్బు మనిషికి పవిత్ర తైలం పూసి చేసే ప్రార్థన) ఇచ్చారంటే పరిస్థితి అయిపోయినట్టేనా?

కానే కాదు. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం చివరి నిమిషానికే అన్న భయం ఇంకా పోలేదు మనలో. జబ్బు వల్లో ముసలితనం వల్లో ప్రమాదం మొదలైనప్పుడే ఇస్తారు, జబ్బు ముదిరితే మళ్ళీ ఇవ్వొచ్చు. ఫిబ్రవరి 11 లూర్దు మాత పండగ, గుణదల మాత తిరునాళ్ళ చివరి రోజు. రెండో జాన్ పాల్ పోపు గారు ఆ తేదీనే ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించారు, 1993 నుంచి జరుపుతున్నారు. మా ఇంట్లో ఆ రోజు అందరికీ వరసగా అభ్యంగనం ఇస్తారు. తీసుకుని, మధ్యాహ్నం గుణదల లైవ్ పెట్టుకుని చూస్తారు.

ఎవరైనా చనిపోతే?

ప్రొవిన్స్ అంతటికీ కబురు వెళ్తుంది, వాట్సాప్‌లో నిమిషాల్లో అందరికీ చేరుతుంది. ఆయన పేరు మృతుల పుస్తకంలో చేరుస్తాం. ఆ తర్వాత ప్రతి ఏటా ఆ తేదీన భోజనానికి ముందు ఆ పేరు చదువుతారు. వందేళ్ళ కిందట పోయిన వాళ్ళ పేర్లు కూడా వినిపిస్తాయి. నవంబరు 2న సమాధుల పండగకి అందరినీ వ్యాన్‌లో తీసుకెళ్తాం. కొవ్వొత్తులు వెలిగించి, తమకోసం ఉన్న స్థలం కూడా చూసుకుని, ఆ చెట్టు కిందైతే నీడ బాగుంటుందని మాట్లాడుకుంటారు.

రిటైరైన ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం చేయొచ్చా? పూజ చెప్పించుకోవచ్చా?

చేయొచ్చు, ముందు ఫోన్ చేసి రండి. ఓపికగా వింటారు, తొందర ఉండదు. పూజ కానుక ఇచ్చినా అది మఠానికే వెళ్తుంది. ఇవ్వలేకపోయినా మీ తలంపు కోసం పూజ చేస్తారు, అడగడానికి మొహమాటపడకండి.

మేము వచ్చి చూడొచ్చా? ఏం తేవాలి?

రండి. సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర మంచి టైము. ఆరింటికి ప్రార్థన. స్వీట్లు తేవద్దు, సగంమందికి పైగా షుగర్. పళ్ళు తెస్తే మెత్తనివి తెండి, అరటి, బొప్పాయి, సపోటా. డబ్బులు ఇవ్వాలనుకుంటే ఫాదర్ గారి చేతిలో పెట్టొద్దు, ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.

పాత ఫోటోలు తెస్తే చాలా సంతోషిస్తారు. మీ బ్యాచ్ గ్రూప్ ఫోటో, మీ ఊరి గుడి ప్రతిష్ఠ ఫోటో, మీ పెళ్ళిలో ఆయన ఉన్న ఫోటో ఏదైనా సరే. ఫోన్లో చూపిస్తే కనబడదు, పెద్ద సైజులో ప్రింట్ తీయించండి. వెనకాల పేర్లు రాయండి, లావుగా. లోపలికి రాగానే "నన్ను గుర్తుపట్టారా?" అని పరీక్ష పెట్టకండి. "వందనాలు ఫాదర్, నేను ఫలానా ఊరి ఫలానా వాళ్ళబ్బాయిని, మీరు నాకు బాప్తిస్మం ఇచ్చారు" అని మీరే చెప్పండి. పిల్లల్ని కూడా తీసుకురండి. వరండాలో పరుగులు పెట్టినా ఎవరూ ఏమీ అనరు.